ఒక్కరు పట్టే గది

ఐటీ ఊపందుకున్న రోజుల్లో హైదరాబాద్‌కి పడమటగా లేచిన అద్దాల మేడల్లో కనీసం నాలుగింటిలో నా చెయ్యి ఉంది. మరుగుదొడ్లలో. బేగంపేటలోని మా ఆర్కిటెక్టుల ఆఫీసులో ముఖద్వారాలు గీసేవాళ్లు వేరు, మెట్లు గీసేవాళ్లు వేరు. నాకు అంతస్తుకి రెండు చొప్పున టాయిలెట్లు అప్పగించారు. విజయనగరంలో మావాళ్లు మాత్రం "మావాడు హైటెక్ బిల్డింగులు కడుతున్నాడు" అని చెప్పుకునేవారు. నేను ఖండించలేదు.

ఆరేళ్ల ఉద్యోగంలో నేను సొంతంగా ఊహించిన గది ఒక్కటీ గోడల దాకా రాలేదు. ఒక్కటంటే ఒక్కటి కట్టించి చూసుకోవాలన్న కోరిక, చెప్పుకుంటే సిగ్గుగానీ, పెళ్లి కోరిక కంటే బలంగా ఉండేది.

అలాంటప్పుడు మా ఇంటి ఓనరమ్మ పిలిచారు. ఆవిడ రాంగోపాల్‌పేట్‌లో ఒక బడికి హెడ్‌మిస్ట్రెస్. ఇంట్లో ఉన్నంతసేపూ నాకు ఆంటీ, బడి గేటు దాటితే మేడమ్.

"శనివారం శనివారం మంచమెక్కి పండుకునే బదులు మా ఎనిమిదో క్లాస్ పిల్లలకు జెర బిల్డింగులు గీసుడు నేర్పరాదు? వరండా చివర స్టోర్ రూం ఖాళీ చేపిస్తున్న. అండ్ల పిల్లలు నిమ్మళంగ కూసునే జాగ చేద్దాం. గుళ్లెకు పోయినట్టే అనిపియ్యాలె, గుడి కావొద్దు. అన్ని మతాల పిల్లలున్నరు మరి. డిజైను మాత్రం పిల్లలే చెయ్యాలె. మంచిగొస్తే దసరా సెలవులల్ల కట్టిస్త."

ఇంత మాటలోనూ నా చెవిన పడింది చివరి ముక్క ఒక్కటే.

మొదటి క్లాసుకు వెళ్లేసరికే నా డిజైను ట్యూబులో చుట్టి సిద్ధంగా ఉంది. గుండ్రటి గది, నడినెత్తిన వెలుగు దిగే కంత, చుట్టూ ముప్ఫై మంది కూర్చునే అరుగు. పథకం సులువు. పిల్లలు ఏదో గీస్తారు, నేను దిద్దుతాను, దిద్దగా దిద్దగా అది నాదవుతుంది. గురువులు ఎప్పుడూ చేసేదే.

"ఎక్కడికెళ్తే మీ గొంతు దానంతటదే తగ్గుతుంది?" అని పిల్లల్ని అడిగాను.

"ఆస్పత్రిల సార్."

"బ్యాంకుల."

"మా తాత పండుకున్నకాడ. లేపితే కొడ్తడు."

గోపురం, గుమ్మటం, సిలువ, జెండా గీయొద్దన్నాను. దాంతో సగం మంది పెన్సిళ్లు కింద పెట్టేశారు.

వెనక బెంచీలో ఒకమ్మాయి మాత్రం చిన్న చతురస్రం గీసింది. ఒక మనిషి కాళ్లు ముడుచుకుని కూర్చుంటే నిండిపోయేటంత. తలుపు సన్నం, అదీ గోడవైపు తిరిగి ఉంది.

"ఇదేమిటమ్మా, అల్మారానా?" అన్నాను. క్లాసు నవ్వాలనే అన్నాను, నవ్వింది కూడా.

ఆ పిల్ల నవ్వలేదు. "ఒక్కలే కూసునే జాగ సార్. మా ఇంట్ల ఏడుగురం, ఒకటే రూం. ఒక్కదాన్నే కూసోవాల్నంటే బాత్రూమొక్కటే. గాడ సుత ఐదు నిమిషాలకు తలుపు కొడ్తరు."

ఆరేళ్లుగా నేను గీస్తున్నవి ఏమిటో అంతకుముందు నాకెవరూ అలా చెప్పలేదు. అయినా తగ్గలేదు. "బాగుంది, కొంచెం పెద్దది చెయ్యి" అన్నాను.

"పెద్దగ చేస్తే ఇంకొకలు వస్తరు సార్."

నాలుగో శనివారం డిజైన్లన్నిటినీ బడి ఆవరణలో ముగ్గుపిండితో అసలు కొలతల్లో వేయించాను. కాగితం మీద అన్నీ బాగానే ఉంటాయి, బండారం బయటపడేది నేల మీదేనని పాఠం చెప్పి, ఉదాహరణకంటూ నాదీ వేయించాను. ముప్ఫై మందిని గుండ్రంగా కూర్చోబెట్టి ప్రశాంతంగా ఉండమన్నాను. రెండో నిమిషంలో ఒకడు లేచి పక్కవాడి వీపు తట్టాడు. రింగు ఖోఖో షురూ అయింది.

ఆ పిల్ల తన చతురస్రం చుట్టూ బల్లలు నిలబెట్టి పైన దుప్పటి కప్పింది. ఇకిలిస్తూ లోపలికి దూరిన కుర్రాడు బయటికొచ్చి మళ్లీ వరసలో నిలబడ్డాడు. బడి ఊడ్చే ఆయమ్మ చీపురు పక్కన పెట్టి వెళ్లి కూర్చుంది. లెక్కల సారు వెళ్లి పీరియడ్ గడిచినా రాలేదు. బయట వరస పెరిగింది గానీ, బల్ల తట్టినవాళ్లు లేరు.

"ఏది కట్టిద్దాం?" అని మేడమ్ నన్నడిగారు. "చదువుకున్నోనివి, నువ్వేదంటే అదే."

ట్యూబు మూత తీశాను. ఒకేసారి ముప్ఫై మంది పడతారు, వెలుతురుంటుంది, గాలి ఆడుతుంది, జాగా వృథా కాదు అని చెప్పుకుంటూ పోయాను. ఒక్క అబద్ధం లేదు. మేడమ్ తలూపుతున్నారు. ఆ పిల్ల చేతికంటిన ముగ్గుపిండి స్కర్టుకి తుడుచుకుంటూ అంతా విన్నది. ఏడుస్తుందేమోనని నా భయం.

"సార్, మీరు నా దాంట్ల కూసున్నరా?"

కూర్చోలేదు.

"ఒకపారి కూసోండ్రి. గప్పుడు చెప్పుండ్రి."

అందరూ చూస్తుంటే కాదనలేక దూరాను. పొట్ట కాస్త అడ్డొచ్చింది. ఐదు నిమిషాలు లెక్కపెట్టుకుని, బయటికొచ్చి ఉపన్యాసం అందుకుందామని ఉద్దేశం. లోపల సుద్ద వాసన, దుప్పటి గుండా పలచటి వెలుగు. వీధిలో హారన్లు మోగుతూనే ఉన్నాయి గానీ నన్ను తప్పుకోమంటున్నట్టు లేవు. ఈ ఊరొచ్చాక, ఎవరికీ ఏదీ చూపించుకోనక్కర్లేని చోట కూర్చోవడం అదే మొదలు.

బయటికొచ్చేసరికి ఆవరణ ఖాళీ. అందరూ అన్నాలకు వెళ్లిపోయారు. ఆయమ్మ ముగ్గు ఊడుస్తోంది, నా గుండ్రటి గది అప్పటికే సగం పోయింది. ఆ పిల్ల మెట్టు మీద కూర్చుని ఉంది.

"నీదే కడదాం. మేడమ్‌కి నేను చెప్తాను" అన్నాను.

కట్టుబడికి కావలసిన డ్రాయింగు నేనే గీశాను. కాగితం మూలన 'డిజైన్' అన్నచోట ఆ పిల్ల పేరు రాశాను. పెద్దమనసుతో కాదు, పక్కనే నిలబడి చూస్తోంది. అయినా మనిషి ఆశ అంత తేలిగ్గా చావదు. తలుపు వెడల్పు చెప్పకుండా మూడంగుళాలు పెంచాను. వెలుతురు లోపలికి ఏటవాలుగా పడుతుంది, అది నా పనేనని నాకొక్కడికే తెలుస్తుంది.

ఆ పిల్ల స్కేలు పెట్టి, నేను నేర్పినట్టే ఒకటికి రెండుసార్లు కొలిచింది.

"సార్, మూడించులు ఎక్కువొచ్చింది."

"వెలుతురు కోసమమ్మా."

"గంత సందుంటే నా ఎన్కనే మా చెల్లె దూరుతది సార్."

రబ్బరు అడిగాను. కంపాస్ బాక్సులోంచి తీసి ఇచ్చి, నేను చెరిపేదాకా అక్కడే నిలబడింది.