ఓటిస్ ప్రూయిట్ బొటనవేలు

మెరీడియన్‌లో ఓటిస్ ప్రూయిట్‌కి ఇంటి పట్టున ఉండని మనిషని పేరు. ఏడాదికి రెండొందల రోజులు కారులోనే కాపురం. మిసిసిప్పీ, అలబామా, లూసియానాల్లో ఏ కాలేజీ మైదానంలో ఏ మూల గడ్డి పల్చనో, ఏ ఊరి మోటెల్లో దుప్పట్లు కంపు కొట్టవో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఉత్తరాన సరస్సు ఒడ్డున ఉన్న ఒక పెద్ద అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి అతను స్కౌటు. కాలేజీ ఆటగాళ్లని చూసి, వీడు పనికొస్తాడు, వీడు పనికిరాడు అని రాసి పంపడం ఇరవై తొమ్మిదేళ్లుగా అతని ఉద్యోగం. భార్య ఎర్లీన్ మాత్రం "మా ఆయన కుర్రాళ్లు పరిగెడుతుంటే నిలబడి చూస్తాడు, దానికే జీతమిస్తారు" అని చర్చిలో అందర్నీ నవ్విస్తుంది.

నిలబడి చూడటం అంత తేలికేం కాదు. నలభై గజాల పరుగులో ముగింపు గీత పక్కన నిలబడి, అటు చివర కుర్రాడు కదిలిన క్షణాన స్టాప్‌వాచ్ నొక్కాలి, వాడు గీత దాటిన క్షణాన మళ్లీ నొక్కాలి. మధ్యలో నాలుగున్నర సెకన్లు కూడా ఉండవు. అందులో పదోవంతు సెకను తేడా వస్తే మైదానంలో అది ఒక గజం. దూరంగా పరిగెత్తి బంతి అందుకునే రిసీవర్‌కి ఆ గజమే బతుకు, లేకపోతే వెనకవాడు చొక్కా పట్టి లాగేస్తాడు. స్టాప్‌వాచ్ బొటనవేలితో నొక్కాలా, చూపుడువేలితో నొక్కాలా అని స్కౌట్లు ఏళ్ల తరబడి కొట్టుకుంటూనే ఉన్నారు. ఓటిస్‌ది బొటనవేలి పక్షం.

ఆ బొటనవేలే అతనికి పేరు తెచ్చింది. తొమ్మిదేళ్ల కిందట జోరున వాన పడుతుంటే తక్కిన స్కౌట్లందరూ కార్లెక్కి వెళ్లిపోయారు. ఓటిస్ ఒక్కడూ తడుస్తూ నిలబడి రోమన్ టిల్లరీ అనే బక్కపల్చటి కుర్రాణ్ణి పరిగెత్తించాడు. వాచీలో నాలుగు ముప్పై ఏడు పడింది, అంటే నాలుగు పాయింటు మూడు ఏడు సెకన్లు. తర్వాత ఆ టిల్లరీ సరస్సు ఊరికి ఇలవేల్పయ్యాడు. చిన్నపిల్లల దగ్గర్నుంచి పాస్టర్ల దాకా వీపు మీద వాడి పేరున్న జెర్సీలు తొడిగారు. అప్పట్నుంచి జట్టు ఆఫీసులో ఓటిస్ వాచీ చెప్పిందే వేదం.

అలాంటి టిల్లరీని మొన్న మార్చిలో ఇంకో జట్టుకి ఇచ్చేశారు. కోచ్‌తో పొసగలేదన్నారు. బదులుగా వచ్చింది మనిషి కాదు, ఒక వంతు. ఏటా ఏప్రిల్ చివర జట్లన్నీ వరసగా కాలేజీ కుర్రాళ్లని ఎంచుకునే డ్రాఫ్టులో పద్దెనిమిదో వంతు. పాలిచ్చే గేదెని అమ్మేసి దూడ కోసం సంతకి పోయే తెలివి పెద్ద జట్లకి ఎప్పుడూ ఉన్నదే. ఆ రాత్రే మేనేజరు డేల్ కోస్త్రేవా ఫోన్ చేశాడు.

"పెద్దాయనా, వాణ్ణి తెచ్చింది నువ్వే. ఇప్పుడు వాడి చోటు నింపేవాణ్ణి తేవాల్సిందీ నువ్వే."

"వాణ్ణి పంపేటప్పుడు నన్నడిగావా?"

"అడిగితే వద్దనేవాడివిగా. అందుకే అడగలేదు."

ఓటిస్ మనసులో అప్పటికే ఒకడున్నాడు, డెమెట్రిక్ గైన్స్. నది ఒడ్డున చిన్న కాలేజీ వాడిది. ఆ కాలేజీ ఆటలు ఓటిస్ నాలుగు చూశాడు. బంతి చేతిలో పడ్డాక వెనకనుంచి వాణ్ణి పట్టుకున్నవాడు ఒక్కడూ లేడు. కానీ దేశంలోని పేరున్న కుర్రాళ్లందర్నీ ఒకచోట చేర్చి కరెంటు గడియారంతో పరిగెత్తించే పరీక్షకి వాడికి పిలుపు రాలేదు. వాడు పరిగెత్తింది సొంత కాలేజీ గడ్డి మీద, ఎనిమిదిమంది స్కౌట్ల చేతి వాచీల ముందు. అదీ ఒక్కసారే. రెండో పరుగుకి తొడ పట్టేసింది.

ఓటిస్ వాచీలో నాలుగు ముప్పై ఆరు. టిల్లరీ కంటే ఓ పిసరు వేగమే. పక్కన నిలబడ్డ టెక్సస్ స్కౌటు పెదవి విరిచి "నాలుగు నలభై ఏడు" అని గొణిగాడు. వెనకాల ఇంకెవడో "నలభై ఆరు" అన్నాడు.

ఇక్కడే వచ్చింది తంటా. ఆ వృత్తిలో ఎవడూ తన వాచీ పక్కవాడికి చూపించడు. పైకి చెప్పే అంకె ఎవడూ నమ్మడు. కుర్రాడు నచ్చినవాడు వాడి వేగం తగ్గించి చెబుతాడు, మిగతావాళ్లు వాణ్ణి వదిలేస్తారని. కాబట్టి నలభై ఏడు అన్నవాడు అబద్ధమాడి ఉండాలి. ఓటిస్ కూడా ఎన్నోసార్లు అలాగే ఆడాడు. నవ్వుకుంటూ కారెక్కి నేరుగా డెమెట్రిక్ ఇంటికి వెళ్లి, వాళ్లమ్మ మిస్ వర్నెల్ వేయించి పెట్టిన చేప తిని, "అమ్మా, టిల్లరీ తర్వాత ఇంత వేగం నేను చూళ్లేదు" అని చెప్పేశాడు. స్కౌటన్నవాడు ఇళ్లల్లో కూర్చుని అలాంటి మాటలు చెప్పకూడదు. అది అతనికీ తెలుసు.

వారం తిరక్కముందే ఇంట్లో ఎర్లీన్ చేతిలోంచి పీచ్ జామ్ సీసా జారింది. పక్కనే ఉన్న ఓటిస్ చెయ్యి చాచాడు. సీసా నేల మీద భళ్లుమన్నాక అతని గుప్పిట గాల్లో మూసుకుంది.

"ఇదివరకు ఈగని పట్టేవాడివి కదయ్యా," అంది ఎర్లీన్ గాజుపెంకులు ఏరుతూ.

ఓటిస్ గుప్పిట విప్పి బొటనవేలు ఆడించి చూసుకున్నాడు. మర్నాడు పొద్దున్న కాఫీ దగ్గర కుట్టుపని స్కేలు తెచ్చి ఆమె చేతికిచ్చాడు. స్కేలు కిందకి వదలాలి, అది వేళ్ల మధ్యనుంచి జారిపోకముందే తను పట్టుకోవాలి. ఎన్ని అంగుళాలు జారాక పట్టుకున్నాడో అంత ఆలస్యం. కుర్రతనంలో అయిదారు దాటనిచ్చేవాడు కాదు.

"రెడీయా?"

"రెడీయా అని అడిగితే ఇంకేం పరీక్ష? చెప్పకుండా వదులు."

వదిలింది. "పది."

"మళ్లీ."

"ఆరు."

"చూశావా! వేలు బాగానే ఉంది."

"ఉండు. పదకొండు. ఇప్పుడేమో ఏడు. ఏమయ్యా, ఇది వేలా, వానాకాలం ఆకాశమా?"

ఆ తర్వాత రోజూ అదే పరీక్ష. ఒక పూట ఆరు, ఒక పూట పది. ఎందుకో డాక్టరుకీ తెలియలేదు. వయసన్నాడు, నిద్ర చాలకన్నాడు, చివరికి అరటిపళ్లు తినమన్నాడు. వేలు ఎప్పుడూ ఒకే తీరుగా ఆలస్యమైతే బాధే లేదు, అన్ని అంకెలకీ అంత కలిపేస్తే లెక్క సరిపోతుంది. ఇది అలా కాదు. మొదటి నొక్కుడు ఆలస్యమైతే కుర్రాడు ఉన్నదానికంటే వేగంగా కనబడతాడు. రెండో నొక్కుడు ఆలస్యం కాదు, ఎదురుగా వస్తున్నవాణ్ణి ముందే చూస్తాం కదా. మరి డెమెట్రిక్ పరిగెత్తిన ఆ పొద్దున అతని వేలు ఆరంగుళాల వేలా, పదంగుళాల వేలా? ఎంత గింజుకున్నా ఓటిస్‌కి తట్టలేదు. ఆ రోజు ఏం తిన్నాడో గుర్తుంది, ఎక్కడ పెట్రోలు పోయించాడో గుర్తుంది. వేలు ఎలా ఉందో మాత్రం గుర్తులేదు. అసలు వేలు ఎలా ఉందని ఎవడు చూసుకుంటాడు?

"మీ డేల్‌కి చెప్పెయ్యి," అంది ఎర్లీన్.

"ఏమని? ఈ ఏడు నేను రాసిందంతా తప్పయినా కావచ్చు, ఒప్పయినా కావచ్చు అనా?"

"నిజం అదే అయితే అదే చెప్పు."

"కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందే. నా ఉద్యోగం పోతే పోయింది. ఆ కుర్రాడు ఏం పాపం చేశాడు? వాడు నిజంగానే ముప్పై ఆరులో పరిగెత్తి ఉంటే? నా నోటితో నేనే వాడి కొంప ముంచినవాణ్ణి కానూ?"

ఎర్లీన్ లేచి స్కేలుని కుట్టుపెట్టెలో పడేసింది.

డ్రాఫ్టు కోసం ఉత్తరానికి వెళితే అక్కడింకా మంచు పూర్తిగా కరగలేదు. జట్టు ఆఫీసులో ఒక గోడంతా ఇనప పలక. దాని మీద వందల కొద్దీ అయస్కాంతపు బిళ్లలు, ఒక్కో బిళ్ల మీద ఒక్కో కుర్రాడి పేరు. రిసీవర్ల వరసలో అన్నిటికంటే పైన డెమెట్రిక్ గైన్స్. వాడి కింద కోల్బీ రెడిక్, పెద్ద యూనివర్సిటీ కుర్రాడు, కరెంటు గడియారం మీద నాలుగు నలభై మూడు. నడవాలో కాఫీ యంత్రం దగ్గర, అంకెల లెక్కలు చూసే కెండ్రా వోస్ ఓటిస్‌ని ఆపింది.

"ఓటిస్ గారూ, ఈ ఏడు మీ దక్షిణాది కుర్రాళ్లంతా ఏం తిన్నారండీ? పోయినేటి వాళ్లకంటే తెగ వేగంగా ఉన్నారు. ఒకడు కాదు, ఇద్దరు కాదు."

"చేపలు తిన్నారు," అన్నాడు ఓటిస్. నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు.

ఆమె అతని ముఖం చూసింది. "నేను డేల్‌కి ఏం చెప్పలేదండీ. మీరేమైనా చెప్పాలనుకుంటే చెబుతారని ఊరుకున్నా," అని కాఫీ పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. ఓటిస్ తేలు కుట్టిన దొంగలా అక్కడే నిలబడిపోయాడు.

వంతులు మొదలయ్యాయి. టీవీలో ఒక్కో పేరు పిలుస్తుంటే గోడ మీంచి ఒక్కో బిళ్ల తీసేస్తున్నారు. పదిహేడో వంతు అయ్యేసరికి డెమెట్రిక్ బిళ్ల ఉన్నచోటే ఉంది. గదిలో అందరి ముఖాలూ వెలిగాయి. పేరు పంపడానికి ఇక చేతిలో ఉన్నవి పది నిమిషాలు.

"దేవుడున్నాడు!" అని డేల్ బల్ల మీద చరిచాడు. "పెద్దాయనా, నీ కుర్రాడికి ఫోన్ కలుపు. లైన్లో ఉంచు."

ఆ జట్టులో ఆనవాయితీ అది. కుర్రాణ్ణి కనిపెట్టిన స్కౌటే మొదట ఫోన్ చేస్తాడు. ఓటిస్ నొక్కాడు. ఒక్క మోతకే అందుకున్నారు.

"హలో? ఓటిస్ సార్?" వెనకాల ఇంటినిండా జనం గోల. ఎవరో ఆడమనిషి "ఉష్, ఉష్" అంటోంది. మిస్ వర్నెల్ గొంతే.

"నేనే నాయనా. లైన్లో ఉండు."

"ఉంటా సార్. ఎంతసేపైనా ఉంటా."

డేల్ బిళ్ల మీద వేలు పెట్టి, పేరు పంపించే మనిషి వైపు తిరిగాడు. "నాలుగు ముప్పై ఆరు. టిల్లరీ కంటే మెరుగు. అంతేగా ఓటిస్?"

తలూపితే చాలు. ఇరవై తొమ్మిదేళ్లలో ఇంత తేలికైన పని అతనికి ఎప్పుడూ తగల్లేదు. ఓటిస్ కక్కలేక మింగలేక గోడ వైపు చూశాడు, కెండ్రా వైపు చూశాడు. ఆమె తల దించుకుని కాగితాలు చూస్తోంది. ఓటిస్ ఫోన్‌ని ఛాతీకి అదుముకున్నాడు.

"డేల్, ఆ అంకె నమ్మొద్దు."

"ఏంటి?"

"నా వేలు ఆలస్యమవుతోంది. ఒకో రోజు అవుతోంది, ఒకో రోజు అవట్లేదు. వాడు పరిగెత్తిన రోజు ఎలా ఉందో నాకు తెలియదు. ముప్పై ఆరు కావచ్చు, నలభై ఏడు కావచ్చు."

డేల్ ముఖం ఎర్రబడింది.

"ఎన్నాళ్లుగా తెలుసు నీకు?"

"మూడు వారాలు."

"మూడు వారాలుండి, ఎనిమిది నిమిషాలు మిగిలాక చెబుతావా? సరే, ఒక్క మాటలో చెప్పు. తీసుకోవాలా, వద్దా?"

"తీసుకో. వాణ్ణి ఎవడూ వెనకనుంచి పట్టుకోలేదు. నా కళ్లతో చూశా."

"ఎవళ్లు పట్టుకోవడానికి? ఆ చిన్న కాలేజీ గుంపా? ఈ గదిలో కళ్లు అందరికీ ఉన్నాయి ఓటిస్. నీ దగ్గర ఉన్నదీ, మా దగ్గర లేనిదీ ఆ వేలొక్కటే. అది కాస్తా లేదంటున్నావు." డేల్ గోడ దగ్గరికి నడిచాడు. కెండ్రాని ఏదో అడిగాడు, ఈ ఏడు ఓటిస్ అంకెలన్నీ అనుమానంగానే ఉన్నాయని ఆమె మెల్లగా చెప్పింది. డేల్ తల పట్టుకున్నాడు. మళ్లీ గోడ చూశాడు. ఒక నిమిషం డెమెట్రిక్ బిళ్ల మీద చెయ్యి వేసి ఉంచాడు, తర్వాత కింద ఉన్న రెడిక్ బిళ్ల తీశాడు. "ఈ పేరు పంపండి. టిల్లరీ చోటుని చీకట్లో రాయి వేసి నింపలేను."

రెడిక్‌ని వెతికినవాడు ఇంకో స్కౌటు. అతను పరుగున తన ఫోన్ దగ్గరికి పోయాడు. కెండ్రా లేచి, ఓటిస్ ప్రాంతపు బిళ్లలన్నీ ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టడం మొదలుపెట్టింది. గోడలో మూడోవంతు ఖాళీ అయింది. తను చేసింది మంచో చెడో ఓటిస్‌కి ఆ నిమిషాన అంతుపట్టలేదు. నిజం చెబితే మనసు తేలికపడుతుందంటారు. అతనికి ఒళ్లంతా బరువెక్కింది. అతని గుప్పిట్లో ఫోన్ ఇంకా ఉంది. టీవీలో కోల్బీ రెడిక్ పేరు పిలిచారు. ఫోన్లోంచి, అవతలి ఇంట్లో గోల ఒక్కసారిగా ఆగిపోవడం వినబడింది.

ఓటిస్ ఫోన్ చెవికి పెట్టుకున్నాడు.

"సార్, లైన్లో ఉన్నారా?" అన్నాడు డెమెట్రిక్.

"ఉన్నా నాయనా."

"టీవీలో వేరే పేరు చెప్పారు. పొరపాటా సార్?"

"పొరపాటు నాది. నా వాచీ మీద నమ్మకం లేదని నేనే చెప్పాను. నొక్కడం ఆలస్యమైందేమోనని. రేపు డ్రాఫ్టు రెండో రోజు ఉంది, ఇంకెవరైనా తీసుకుంటారు. నిన్ను తప్పకుండా ఎవరో ఒకరు తీసుకుంటారు."

అవతల ఎవరో టీవీ కట్టేశారు.

"అయితే సార్, నేను నిజంగా ఎంతలో పరిగెత్తాను?"

"నాకు తెలియదు నాయనా."

"మరెవరికి తెలుసు సార్?"

ఆ గొంతులో కోపం లేదు. వాడు నిజంగానే అడుగుతున్నాడు. అంకెలు తెలిసినవాళ్లంతా ఓటిస్ చుట్టూనే ఉన్నారు. ఫోన్ ఎవరికివ్వాలో తెలియక, ఓటిస్ దాన్ని చెవి దగ్గరే పట్టుకుని నిలబడ్డాడు.