మా ఆయన్ని కాచిన బెల్టు

మా ఆయన పనంతా ఎత్తు మీదే. సెల్ టవర్లకు, ఊళ్ళలోని నీళ్ళ ట్యాంకులకు రంగులు వేస్తాడు. మా ఆత్మకూరు బస్టాండులో నిలబడి చూస్తే కనిపించే టవర్లలో ఆయన ఎక్కనిది లేదని అందరితో గొప్పలు చెప్పుకుంటాను. ఆయన చెప్పుకోడు కాబట్టి ఆ పని నాది.

అయిదారేళ్ళ కిందట ఉదయగిరి దగ్గర ఒక టవర్ మీద కాలు జారాడు. ఒంటికి బిగించుకున్న సేఫ్టీ బెల్టు పట్టి ఆపింది. తోటివాళ్ళు వచ్చి దించేదాకా గాల్లోనే వేలాడాడట. తొడల మీద, భుజాల మీద వాతలు తేలి ఇంటికొచ్చాడు. ఏడవడం అయ్యాక నేను ఆ బెల్టుకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, దేవుడి పటాల పక్కన మేకుకు తగిలించాను. నా తాళిని నిలబెట్టింది మరి.

వీధంతా దాన్ని కలిసొచ్చిన బెల్టు అనేవాళ్ళు. పనిలో కొత్తగా చేరినవాళ్ళు వచ్చి మాకియ్యమని అడిగేవాళ్ళు. ఆయన ఎవరికీ ఇవ్వలేదు. తానూ వేసుకోలేదు, వేరేది తెచ్చుకున్నాడు. ఎందుకని అడిగితే, "ఒకసారి మనిషిని పట్టినాక దాని పని అయిపోయినట్టే" అని ఊరుకునేవాడు.

నాకది తలకెక్కలేదు. మనిషిని పట్టి నిలిపిన బెల్టే కదా గట్టిది! ఎవరినీ పట్టని బెల్టు గట్టిదని ఎవరు చూశారు?

పోయిన వేసవిలో మా తమ్ముడికి అనంతసాగరం వైపు ఒక పల్లెలో ట్యాంకు రంగుల పని దొరికింది. ఎవరి బెల్టు వాళ్ళే తెచ్చుకోవాలని కాంట్రాక్టరు చెప్పాడట. ఉదయగిరి నుంచి మా అమ్మ ఫోన్ చేసింది. "నీ మొగుణ్ణి కాచిన బెల్టు ఊరికే మేకుకి ఏలాడతా ఉండాది గదమ్మే, పిల్లోడికియ్యి" అంది. ఆయన్ని అడిగాను.

"అది ఇయ్యను."

"ఏమయ్యా, మా పుట్టింటోళ్ళకియ్యాలంటే నీకు చెయ్యి రాదా?"

"ఎవురికీ ఇయ్యను."

మర్నాడు తమ్ముడు పనికి పోతూ ఆత్మకూరులో దిగాడు. ఆయన ఇంట్లో లేని సమయం చూసి బెల్టును సంచిలో పెట్టి ఇచ్చేశాను. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, మొగుడి బెల్టు తమ్ముడికి. పైగా వాడి చేత దానికి దండం కూడా పెట్టించాను.

సాయంత్రం ఆయన వస్తూనే మేకు వైపు చూశాడు.

"ఇచ్చినాను, ఏం చేస్తావో చెయ్యి" అన్నాను, పోట్లాటకు కొంగు బిగించి.

ఆయన తిట్టలేదు. తమ్ముడికి ఫోన్ చేస్తే కలవలేదు. "రేపే గదా ఎక్కేది?" అని మాత్రం అడిగాడు. తెల్లవారుతూనే తను వాడుకునే బెల్టు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. అలిగి పనికి పోయాడనుకున్నాను.

ఎనిమిది గంటలకు తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, బావ వచ్చినాడు. నేను అప్పుడే నిచ్చెన ఎక్కబోతా ఉండా. షేర్ ఆటో దిగి అరుచుకుంటా పరిగెత్తినాడు. నా ఒంటి మీదది ఇప్పేసి తనది తొడిగినాడు. పట్టీలన్నీ తనే బిగించి, లాగి లాగి చూసినాడు. ఏందక్కా, ఏమైంది?"

మా ఆయన పరిగెత్తడం నేనెన్నడూ చూడలేదు.

ఇంటికొచ్చి పాత బెల్టును నా ముందు పరిచాడు. వీపు దగ్గర పట్టీ ఒకచోట మడిచి కుట్టి ఉంటుంది. మనిషి బరువు ఒక్కసారిగా పడితే ఆ కుట్లు తెగుతాయట. ఇక దీన్ని వాడొద్దని తెలియడానికే అవి. తడిగుడ్డతో నా కుంకుమ తుడిచి, నా వేలు పట్టుకుని అక్కడ పెట్టాడు. కుట్లు తెగి, మడత విడిపోయి, దారాలు లేచి ఉన్నాయి. ఇన్నేళ్ళుగా ప్రతి శుక్రవారం సరిగ్గా దాని మీదే బొట్టు పెడుతూ వచ్చాను. మా తమ్ముడు దాన్నే నమ్ముకుని ట్యాంకు ఎక్కబోయాడు.

"ఆ పొద్దే కోసెయ్యాల్సింది. నువ్వు బొట్టు పెట్టినావు గదా, చెయ్యి రాలేదు. తప్పు నాదే" అన్నాడాయన.

తప్పు ఆయనది కాదు. ఇన్నేళ్ళూ నేను బెల్టుకు మొక్కాను. ఎక్కే ముందు పట్టీ పట్టీ తడిమి చూసుకునే ఆ మనిషి జాగ్రత్తకు ఒక్కనాడూ మొక్కలేదు. తనది తమ్ముడికిచ్చేసి, ఇంకొకటి వచ్చేదాకా అయిదు రోజులు పనికి పోకుండా ఇంట్లో కూర్చున్నాడు. అందుకు నన్నొక్క మాట అనలేదు. అలాంటివాడికి పెళ్ళాన్నయినందుకు నాకు ఎంత గర్వమో, ఆయన ముందు ఒప్పుకోను గానీ.

కత్తిపీట తెచ్చుకుని, బెల్టును ఒకసారి కళ్ళకద్దుకుని కోయడం మొదలుపెట్టాను. మహా మొండిది, ఒక పట్టాన తెగదు. ఆయన రెండో కొస లాగి పట్టుకున్నాడు. ఎవరూ ఏరుకుని కుట్టించుకోకుండా జానెడు జానెడు ముక్కలు చేశాం. అప్పుడు తమ్ముడికి ఫోన్ చేశాను.

"రేయ్, కలిసొచ్చిందని ఎవురు పాత బెల్టు ఇచ్చినా తీసుకోబాక. నేనిచ్చినా తీసుకోబాక."