మా అవ్వకు దక్కిన ‘గారు’

నా చిన్నప్పుడు, నిజాం రాజ్యంలో, మా ఎల్లారెడ్డి వైపు ‘గారు’ అనే మాట మా వాడలోకి వచ్చేది కాదు. అది గడీలో దొరలకు, పటేలు పట్వారీలకు. మా అవ్వను, అంటే మా నాయన తల్లి ఎల్లవ్వను, ఊళ్లో నిన్నగాక మొన్న మాటలొచ్చిన పిల్లలు కూడా ‘ఏ ఎల్లీ’ అనేవారు. ఆవిడ ‘బాంచెన్’, అంటే నీ బానిసను, అంటూ ఉరికేది.

ఓ ఏడు, కామారెడ్డిలో రైలు దిగి ఎడ్లబండి మీద బిషపుగారు మా వాడకు వస్తున్నారని కబురొచ్చింది. పడుచుదనంలో సీమ నుంచి ఓడెక్కి వచ్చి, కోస్తా వైపు తెలుగు నేర్చి, జ్వరాలు పడుతూ ఊరూరా తిరిగి, చనిపోయిన భార్యను ఈ మట్టిలోనే సమాధి చేసి, ఆ తర్వాత బిషపయ్యారట. మిషను బడి పంతులు చెబుతుంటే నోరు తెరుచుకుని వినేదాన్ని. అంతటి మనిషి మా అవ్వ తల మీద చెయ్యి పెట్టి దీవిస్తారు! కానీ ప్రభువు ప్రార్థన అప్పజెప్పినవాళ్లకే ఆ దీవెన అన్నాడు పంతులు. చదువు రాని అవ్వ నాట్లేస్తూ, వడ్లు దంచుతూ నాలుగు నెలలు అదే వల్లించింది.

"గీ నెత్తి మీద మూటలే గని మనిషి చెయ్యి ఎన్నడు పడలె బిడ్డా," అనేది నాతో.

ఆ రోజు కొమ్మల పందిట్లో బిషపుగారు ఆమె ముందు నిలబడ్డారు. తెల్లటి అంగీ, పందిరికి తల తగిలేంత పొడుగు. కాగితంలో పేరు చూసి, "ఎల్లవ్వ గారూ, ప్రార్థన చెప్పండి," అన్నారు.

అవ్వ వెనక్కి తిరిగి చూసింది. పట్వారి భార్య వచ్చి నిలుచుందనుకుంది, పిచ్చిది! పందిరంతా కిసుక్కున నవ్వింది. సిగ్గులేక నేనూ నవ్వాను. ఆ నవ్వులకు అవ్వ నేర్చుకున్నదంతా మరిచిపోయింది. "బాంచెన్ దొరా, తప్పయింది," అంటూ కాళ్ల మీద పడబోయింది. ఇంకేముంది, చెయ్యి పడదు అనుకుని నాకు ఏడుపొచ్చింది.

బిషపుగారు నవ్వలేదు. ఆ తెల్ల అంగీతోనే మట్టిలో ఆమెకెదురుగా గొంతుక్కూర్చున్నారు.

"మిమ్మల్నే పిలిచాను, ఎల్లవ్వ గారూ. ఇద్దరం కలిసి చెబుదాం."

ఆయన ఒక్కో మాట అందిస్తుంటే అవ్వ మా యాసలో చివరిదాకా చెప్పింది. ఆయన చెయ్యి ఆ నెరిసిన తల మీద ఆనింది. మా ముందు అలా మట్టిలో కూర్చున్న పెద్దమనిషిని నేనంతకు ముందు చూడలేదు.

తర్వాత నేనూ టీచరునయ్యాను. బడి ఊడ్చే ఆమెను కూడా గారు అనే పిలిచాను, ఇప్పటికీ ఎవరినైనా అలాగే పిలుస్తాను. చాదస్తమంటారు, అననీ. అవ్వ మంచాన పడ్డాక ఓ పొద్దున నా చెయ్యి పట్టుకుని, "ఆ అయ్య పిలిచినట్టు ఒక్కసారి పిలువు బిడ్డా," అంది.

"ఎల్లవ్వ గారూ," అన్నాను.

ఈసారి అవ్వ వెనక్కి చూడలేదు.

"ఆఁ, నేనే," అంది.