పడవబండి వెనక ఎర్ర లైట్లు

మా చిన్నత్త పోయిన కబురు నాకు కాచిగూడ చౌరస్తాలో ఒక పోలీసు జవాను నోటి నుంచి తెలిసింది. నిరుడు దీపావళి అమావాస్య నాడు, అప్పుడే తెల్లవారింది. ముందు యూనివర్సిటీ జీపు, దాని వెనక తగిలించిన రెండు చక్రాల బండి, బండి మీద పడవ. జీపు తోలుతున్నది డ్రైవర్ యాదగిరి. పక్కన నేను, నా ఒళ్లో ఒక సీసా. వెలుతురొచ్చాక కూడా బండి వెనక ఎర్ర లైట్లు ఆర్పనివ్వలేదు నేను. ఆ లైట్లు వెలగడం లేదని మా అత్తను ఇదే చౌరస్తాలో ఇదే జవాను ఎన్నిసార్లు ఆపాడో! అతను చెయ్యెత్తగానే నాకు కాస్త గర్వం కూడా వచ్చింది. చూసుకో నాయనా కళ్లారా, అనుకున్నాను.

అతను లైట్ల వైపు చూడనే లేదు. జీపు దగ్గరికొచ్చి టోపీ తీశాడు.

"మీ డిపార్ట్‌మెంట్ అటెండర్ సైకిల్ మీద వచ్చిండు. పడవబండి ఇటే వస్తది, ఆపి దవాఖానకు సీదా పొమ్మని చెప్పుమన్నడు. మేడం ఇగ లేరంట అమ్మా."

యాదగిరి స్టీరింగ్ మీద తల ఆనించుకున్నాడు. నేను సీసా మూత బిగించాను. అది బిగించే ఉంది. మళ్లీ బిగించాను.

మా నాన్నకు ఆఖరి చెల్లెలు ఆమె. అనంతపురం జిల్లాలో, వానకు మొహం వాచిన ఊళ్లో పుట్టింది. బావిలో బొక్కెన వేస్తే బురద వచ్చే ఊరు. అలాంటి ఊరి మనిషి జంతుశాస్త్రం చదివి, యూనివర్సిటీలో లెక్చరరై, చెరువు నీళ్లలో కంటికి ఆనని పురుగులతో బతుకు వెళ్లదీసింది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "దానికి తీరిక యాడిది సామీ" అని నవ్వేసేది. తార్నాకలో రెండు గదుల వాటాలో ఉండేది. నల్లకుంట స్కూల్లో నాకు టీచరు ఉద్యోగం వచ్చాక నేనూ అక్కడే చేరాను. ఆ ఇంట్లో బిగుతు మూత ఉన్న ప్రతి సీసా ఆమెదే. ఊరగాయ పెడదామని నేను కడిగి ఎండబెట్టుకున్న గాజు జాడీ ఒకసారి హిమాయత్ సాగర్ నీళ్లతో తిరిగొచ్చింది. రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు నేను. నేను మాట్లాడటం లేదన్న సంగతి ఆమె గమనించలేదు. అసలు మంట అక్కడ!

ఆమె చేసే పని నాకు అర్థమైనంతవరకు చెప్తాను. ఆ పురుగులు పగలు నీటి అడుగుకు దిగిపోతాయట, చీకట్లో పైకొస్తాయట. అందుకని అమావాస్య నాడు, తెల్లవారకముందే, నడి చెరువులోకి పడవ మీద పోయి సన్నటి గుడ్డ వల వేసి, చిక్కినవాటిని సీసాలో పట్టి తేవాలి. ఏడాది పొడుగునా ప్రతి అమావాస్యకూ తేవాలి. ఒక్కటి తప్పిందా, అప్పటిదాకా చేసిందంతా వృథా, మళ్లీ మొదటికి. "ఒక్క సంవత్సరం, మధ్యలో తెగకుండా. అంతకు మించి నాకేమీ వద్దు" అనేది. ఆ ఒక్క సంవత్సరమే ఆమెకు దొరకలేదు.

దొరకనివ్వనివి ఆ దిక్కుమాలిన లైట్లు.

షెడ్డులో వేసి చూస్తే భేషుగ్గా వెలిగేవి. క్యాంపస్ గేటు దాటి గుంటలో చక్రం పడగానే ఆరిపోయేవి. ఒక్కోసారి మిణుకు మిణుకుమంటూ ఉండేవి, యాదగిరి బ్రేకు తొక్కితే ఆ ఉన్న కాస్త వెలుగూ పోయేది. చీకట్లో ఊరి మధ్య నుంచి, వెనక దీపం లేకుండా, అంత పొడుగు పడవను లాక్కుని పోతుంటే పోలీసులు ఊరుకుంటారా?

"వెనక నుంచి లారీ వస్తే ఏం గానపడతది మేడం? పడవ తోటి మీరు గూడ పోతరు" అన్నాడు ఆ జవాను మొదటిసారి. చలాన్ రాయలేదు, పాపం. కానీ వెనక్కి పంపించాడు. ఆ సంగతి డిపార్ట్‌మెంట్ హెడ్‌గారి చెవిన పడింది. వెనక లైట్లు వెలగకపోతే చీకట్లో పడవబండి గేటు దాటకూడదని ఆయన చెప్పేశాడు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. మా అత్త కూడా తప్పని అనలేదు. అలా ఒక దీపావళి అమావాస్య చేజారింది, దానితో పాటు అంతకుముందు తెచ్చిన సీసాలన్నీ పనికిరాకుండా పోయాయి.

ఇక చూడాలి ఆమె అవస్థ! బల్బులు మార్పించింది. ప్లగ్గు మార్పించింది. వైరు ఎలుకలు కొరికాయేమోనని ఈ చివర నుంచి ఆ చివరకు వేలితో తడుముకుంటూ పోయింది. క్లాసులు అవగానే చీర కుచ్చెళ్లు దోపుకుని బండి కింద దూరేది. నేను టిఫిన్ డబ్బా పట్టుకుని షెడ్డుకు పోతే రెండు పాదాలు మాత్రం బయటికి కనిపించేవి.

"అత్తా, మెకానిక్‌ను పిలిపించకూడదా?"

"పిలిచినా. చూసినాడు. బాగుందని చెప్పి పోయినాడు. యాడ బాగుంది? ఈ షెడ్డులో బాగుంది!"

ఒక బల్బుకు రెండు పొడుగాటి తీగలు అతికించి ఒక పరీక్ష దీపం తయారుచేసుకుంది ఆమె. ఆ రోజు బండిని జీపు కొక్కెం నుంచి విడదీసి, వైరు మాత్రం తగిలించి ఉంచి, నన్నూ పక్కన కూర్చోబెట్టుకుంది. ఒక తీగను కరెంటు వచ్చే వైరుకు ఆనించింది. రెండోదాన్ని జీపు ఇనుముకు ఆనిస్తే బల్బు వెలిగింది. దాన్నే పడవబండి ఇనుముకు ఆనిస్తే వెలగలేదు.

"చూసినావా పాపా? కరెంటు పోయే దావ అందరూ చూస్తారు. తిరిగొచ్చే దావ ఎవురూ చూడరు."

బండికి కరెంటు తీసుకుపోయేది వైరు. తిరిగి తెచ్చేది బండి ఇనుమే. ఇనుము నుంచి జీపుకు తిరుగుదారి ఇవ్వడానికి ఒక ఎర్త్ తీగ ఉంది. దాన్ని బండి చట్రానికి ఒక మరతో బిగించారు. ఆ మర విప్పి చూస్తే కింద నున్నగా, ముచ్చటగా, నీలం పెయింట్! పెయింట్ మీద తీగను ఎంత బిగిస్తే మాత్రం ఏం లాభం? షెడ్డులో జీపు కొక్కెం దగ్గర ఇనుమూ ఇనుమూ రాసుకుని ఏదో దొంగదారిన లైట్లు వెలిగేవి, రోడ్డు మీద కుదుపుకు ఆ దారీ పోయేది.

పెయింట్ వేసింది యాదగిరి. దసరాకు ఆయుధపూజ చేస్తాడు కదా, పడవబండికి ఏటా కొత్త రంగు వేసేవాడు. చేతకానివాడైతే మర పైనుంచే పూసేసేవాడు, గొడవే ఉండేది కాదు. మా యాదగిరికి పని శుభ్రంగా ఉండాలి. మరలన్నీ విప్పి, కింద కూడా రంగు వేసి, ఆరాక మళ్లీ బిగించి, పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయ కట్టి, కొబ్బరికాయ కొట్టేవాడు.

"యాదగిరీ, ఈ ఒక్క మర కింద రంగు వేయొద్దు నాయనా."

"గట్లెట్ల మేడం? అంత రంగేసి గాడ ఇడిచిపెడితే బొట్టు లేని ముఖం లెక్కుంటది. పూజకు పనికొస్తదా? మీరు వేరే ఏమన్న చెప్పున్రి, చేస్త."

నాకు ఒళ్లు మండింది. గట్టిగా చెప్పమని ఆమెను సాధించాను. ఆమె వినలేదు. "పోనీలేమ్మే. దండం పెట్టుకునేది ఆయప్ప పని. గీకేది నా పని" అంది. హ్యాండ్‌బ్యాగులో పరీక్ష దీపం పక్కన ఒక చిన్న చాకు చేరింది. ఆ తర్వాతి దసరా మర్నాడు పొద్దున్నే పోయి గీకి వచ్చింది. అటు బండీ ఇటు పూజా చెడకుండా పని జరిగిపోయిందని తెగ సంబరపడింది.

అయినా ఏం లాభం! అప్పటికే ఆ రెండో ఏడు కూడా చెడింది. ఆషాఢంలో పడవ దించుతుంటే ఎవరో ప్లగ్గు పీకడం మర్చిపోయారు. వెలుగుతున్న వేడి బల్బులు, వాటి మీది ఎర్ర అద్దాలు చెరువు నీళ్లలో మునిగి పగిలాయి. తర్వాతి అమావాస్యకు ఎర్ర అద్దాలు దొరకలేదు. "మళ్లీ మొదలు" అంది ఆమె, చెప్పుల్లోంచి ఇసుక దులుపుకుంటూ. దీపావళి దాటాక మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి ఒక్కటీ తప్పలేదు. ఎండాకాలం గడిచింది, వానలు గడిచాయి. మిగిలింది దీపావళి అమావాస్య ఒక్కటే.

దసరాకు ముందు ఆమెకు కామెర్లు వచ్చాయి. మొదట ఇంట్లోనే పసరు మందు, తర్వాత ఆసుపత్రి. డాక్టరు నాతో మాట్లాడేటప్పుడు నా మొహం వైపు చూడటం మానేశాడు. అప్పుడే నాకు తెలిసింది.

"ఏమ్మే, అమావాస్య ఎప్పుడు?" అని అడిగింది ఒక సాయంత్రం. కళ్లు పసుపు కొమ్ముల్లా ఉన్నాయి.

"లేవలేకుండా పడి ఉండి ఇంకా ఆ పురుగుల గొడవేంటి అత్తా!" అని కసిరాను. కసిరి ఏడ్చాను.

నా ఏడుపు ఆగాక, "ఒక్కటే మిగిలింది పాపా. యాదగిరికి చెరువు తెలుసు. నీకు మర తెలుసు" అంది. అంతే.

యాదగిరికి అమావాస్య ప్రయాణమంటే భయం. అయినా ఎదురు చెప్పలేదు. చక్రం కింద నిమ్మకాయ పెట్టి, బండి తగిలించి, స్విచ్ వేశాడు. లైట్లు వెలగలేదు. వెలుగుతాయని నేనూ అనుకోలేదు, దసరా జరిగింది కదా, ఈసారి కొక్కెం మీద కూడా కొత్త రంగే! అతను తల వంచుకుని టార్చి పట్టుకున్నాడు. మా అత్త చాకుతో ఆ కొత్త నీలం రంగు గీకాను. ఇనుము తెల్లగా బయటపడేదాకా గీకి, తీగ పెట్టి మర బిగించాను. వెనక్కి వెళ్లి చూస్తే రెండు లైట్లూ ఎర్రగా వెలుగుతున్నాయి. బ్రేకు తొక్కించాను, ఆరలేదు. గుంటలో దించాను, ఆరలేదు. చెరువు దగ్గర ప్లగ్గు పీకించాను. వల వేశాను, సీసా నింపాను. ఆమె చెప్పిన ఒక్క మాటా తప్పలేదు.

ఆమె మేము చెరువు దగ్గర ఉన్న వేళలోనే పోయిందట. లైట్లు వెలిగాయని ఆమెకు చెప్పే వీలు నాకు లేకపోయింది. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు దేవుడి మీద కోపం వస్తుంది. ఎవరేమనుకున్నా సరే.

కర్మలన్నీ అయ్యాక ఆ సీసా తీసుకుని డిపార్ట్‌మెంట్‌కు పోయాను. హెడ్‌గారు మర్యాదగా కూర్చోబెట్టారు. "అవి ఏవేవో గుర్తుపట్టాలంటే ఆవిడ కళ్లే కావాలమ్మా. ఇక్కడ ఇంకెవరూ ఆ పని చేయడం లేదు" అన్నారు. మరి ఏడాది పొడుగునా తెచ్చిన మిగతా సీసాలు? పిల్లల ప్రాక్టికల్స్‌కు సీసాలు కావాల్సి వచ్చి కడిగేశారట. ఎవర్ని తిట్టను? వాళ్లకు అవి మురికి నీళ్లు. నా సీసా నేను తిరిగి తెచ్చుకున్నాను. తార్నాక ఇంటి కిటికీలో ఉంది. అడుగున బూడిదలా సన్నటి మడ్డి, పైన తేట నీళ్లు. మా అత్త అయితే అందులో ఊళ్లకు ఊళ్లు చూసేది. నాకు మడ్డే కనిపిస్తుంది.

ఇప్పుడు క్యాంపస్‌లో క్లాసులు లేవు. ఉద్యమం నడుస్తోంది, గోడల నిండా నినాదాలు. ఈ మధ్య యాదగిరి ఇంటికొచ్చాడు. "పడవ, బండి అమ్ముతున్నరు బిడ్డా. ఒక్కసారి వచ్చి చూసిపో" అన్నాడు. పోయాను. షెడ్డు ముందు, ఎండుటాకుల మధ్య, పడవబండి కొత్త పెళ్లికూతురిలా ఉంది. అమ్మేసే బండికి కూడా రంగు వేశాడు మహానుభావుడు.

"ఎవరు కొంటారని ఈ ముస్తాబు?" అన్నాను.

అతను నన్ను చట్రం దగ్గరికి తీసుకుపోయి వంగమన్నాడు. అంతటా నీలం రంగు, మర దగ్గర మాత్రం రూపాయి బిళ్లంత మేర ఉత్త ఇనుము.

"గాడ వేయలే బిడ్డా. మేడంకు గీకే పని పెట్టొద్దనుకున్న." భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ముందుగాలనే ఇనాల్సుండె."

రంగు లేని ఆ కాస్త చోటుకు మంచు తగిలి అప్పుడే తుప్పు పట్టింది. కొంగుతో తుడిచాను, పోలేదు. వేలితో రుద్దాను. ఎర్రటి పొడి వేలికంటుకుంది.