ముందు అందరి పేర్లు

మొన్న మధ్యాహ్నం సూరత్‌లో, మా ఉధ్నాలో కరెంటు పోయింది. మా వీధిలోని మగ్గాల షెడ్లన్నీ ఒక్కసారిగా ఆగాయి. పుట్టినప్పటి నుంచి ఆ టకటకల మధ్యనే పెరిగినదాన్ని. అది నడుస్తున్నంతసేపు వినిపించదు, ఆగితేనే తెలుస్తుంది. చేతిలోని అన్నం ముద్ద అలాగే పట్టుకుని కూర్చున్నాను. కింద వీధిలో ఎవరో దగ్గితే అదీ వినిపించింది. ఇలాంటి నిశ్శబ్దంలో కూడా గొంతు చించుకుని మాట్లాడే మనిషి ఒకాయన ఉండేవాడు మాకు. కరెంటు తిరిగి వచ్చేదాకా ఆయన గురించే ఆలోచిస్తూ ఉండిపోయాను.

రాజేశం పెద్దబాపు మాకు చుట్టం కాదు. ఆయన, మా బాపు ఒకే షెడ్డులో పనిచేశారు. ఇద్దరూ కరీంనగర్ వైపు నుంచి సూరత్ వచ్చినవాళ్ళే. బాపు మగ్గం నడిపేవాడు, ఈయనది వైపని. మగ్గం మీద పాత పడుగు అయిపోవస్తున్నప్పుడు దాని పోగులకు కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటిగా అతికే పని అది. వేలకు వేల పోగులు. ఆ చప్పుడులో కూర్చుని కూర్చుని ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవి సగం పోయింది. అందుకే ఆ గొంతు. గుట్టుగా చెప్పాల్సిన మాట కూడా వీధంతా వినేలా చెప్పేవాడు. చిన్నప్పుడు ఆయనతో బజారుకు వెళ్ళాలంటే మా చెల్లి లావణ్యకూ నాకూ తల కొట్టేసినట్టుండేది. అమ్మ, ఆ తర్వాత రెండేళ్ళకు బాపు పోయాక, రోజూ పొద్దున పనికి పోతూ మా గుమ్మం ముందు ఆగి, "ఏం బిడ్డా, మంచిగున్నరా?" అని అరిచేవాడు. మంచిగున్నామని చెయ్యి ఊపితే వెళ్ళిపోయేవాడు. లోపలికి రమ్మంటే ఏనాడూ వచ్చేవాడు కాదు.

నేను పదో తరగతి సెలవుల్లో ఉన్నప్పుడు ఒకసారి బాపుకు అన్నం గిన్నె ఇవ్వడానికి షెడ్డుకు వెళ్ళాను. పెద్దబాపు పొద్దుటి నుంచి అతికిన పోగుల్ని మళ్ళీ విప్పుతూ కనిపించాడు. చారల చీర పడుగు అది. మధ్యలో ఎక్కడో ఒక పోగు వదిలేసి దాని పక్కదాన్ని అతికాడట. అక్కడి నుంచి రంగులన్నీ ఒక పోగు పక్కకు జరిగాయి. సేఠ్ వచ్చి, అంత దగ్గరగా ఎవరు చూస్తారు, మగ్గం నడిపించెయ్ అని హిందీలో అన్నాడు. పెద్దబాపు తల ఎత్తలేదు. వినబడలేదేమోనని నేను ఆయన చెవి దగ్గర ఆ మాటే గట్టిగా చెప్పాను. "ఇన్న" అన్నాడు. "నాకైతె ఎర్కైంది గద బిడ్డా. ఎర్కైనంక ఎట్ల ఇడుస్త?" సాయంత్రం దాకా విప్పుతూనే ఉన్నాడు. మొండిఘటం అనుకుని ఇంటికొచ్చాను.

లావణ్యకు బంగ్లాదేశ్‌లో ఎంబీబీఎస్ సీటు వచ్చి వెళ్ళిపోయాక ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలాను. పాండేసరలో ఒక ప్రింటింగ్ మిల్లులో కంప్యూటర్ మీద చీరల డిజైన్లు గీసే పని నాది. సాయంత్రం ఇంటికి వచ్చి, చెల్లితో వీడియో కాల్ మాట్లాడుతూ వంట చేసుకుని, ఫోన్‌ను చెంబుకు ఆనించి పెట్టుకుని తినేదాన్ని. ఆ కాలేజీలో చదివే మన దేశపు ఆడపిల్లల ఇళ్ళవాళ్ళందరినీ కలిపి వాట్సాప్‌లో గ్రూపు కట్టింది కూడా నేనే. కాశ్మీరు వాళ్ళు, బెంగాల్ వాళ్ళు, జగిత్యాల నుంచి స్వప్న అనే అమ్మాయి తల్లిదండ్రులు, ఇంకా చాలామంది. వీసా కాగితాల సంగతులు, పండగ శుభాకాంక్షలు, అంతకు మించి ఏమీ ఉండేది కాదు. ఎవరి ముఖం ఎవరూ చూసింది లేదు.

ఆ వానాకాలం అక్కడ సర్కారు ఉద్యోగాల రిజర్వేషన్ల మీద విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. కాల్పులు జరిగాయి, పిల్లలు చనిపోతున్నారని టీవీలో చెప్పారు. ఒక సాయంత్రం లావణ్య, "అక్కా, నెట్ బంద్ చేస్తరంట. పరేషాన్ గాకు" అని మెసేజ్ పెట్టింది. నేను రాసిన జవాబు పక్కన ఒకటే టిక్కు పడి ఆగిపోయింది. దేశం మొత్తం నెట్ ఆపేశారు, కర్ఫ్యూ పెట్టారు. మామూలు ఫోన్లు కూడా వందసార్లు చేస్తే ఒకసారి కలిస్తే కలిసినట్టు. మా పిల్లలు అటు మూగబోతే ఇటు మా గ్రూపు మాత్రం ఆగకుండా మోగింది. ఎక్కడెక్కడివో వీడియోలు, ఏడుపులు, తిట్లు. నేనేమైనా తక్కువ తిన్నానా? ఏదో ఊళ్ళో ఆడపిల్లల హాస్టల్ గేటు విరగ్గొట్టారని ఒక మగవాడు హిందీలో చెబుతున్న ఆడియో నాకు వస్తే, అందరికీ తెలియాలి కదా అని వెంటనే గ్రూపులో పడేశాను. అరగంటలో స్వప్న వాళ్ళ నాన్న శంకరయ్య గారు ఫోన్ చేశారు. ఆ ఆడియో విని ఆయన భార్య పడిపోయిందట. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. "గిది ఎవలు చెప్పిన్రమ్మా?" అని మాత్రం అడిగారు.

మర్నాడు పొద్దున పెద్దబాపు గుమ్మం ముందు ఆగి ఎప్పటిలాగే అరిచాడు. నేను చెయ్యి ఊపలేదు. కాసేపు నిలబడి చూసి, చెప్పులు విడిచి మొదటిసారి మా ఇంట్లోకి వచ్చాడు. జరిగింది చెప్పాను. గ్రూపులో వచ్చినవన్నీ చదవమన్నాడు. కుడి చెవి దగ్గర కూర్చుని అన్నిటినీ తెలుగులో అరిచి చెప్పాను. అంతా విని, "గిండ్ల తన చెవులతోని ఇన్నోళ్ళు ఒక్కలన్న ఉన్నరా?" అని అడిగాడు. లేరన్నాను. "మరి గిదంత ఎందుకు పెట్టుకున్నరు?" సగం చెవి ఉన్న మనిషి అడుగుతుంటే రెండు చెవులూ ఉన్న నాకు సిగ్గేసింది.

ఆ రోజు ఆయన పనికి పోలేదు. హాస్టల్ ఆఫీసులో వైరు ఫోను ఒకటి ఉండేది. ఆ నంబరు అందరి దగ్గరా ఉంది, అందరూ ఒకేసారి కొడుతున్నారు, ఎవరికీ కలవడం లేదు. పెద్దబాపు ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క గంట పంచమన్నాడు. పిల్లల పేర్లన్నీ వరసగా కాగితం మీద రాయించాడు. "ఎవల ఫోను కలిసినా ముందు అందరి పేర్లు సదవాలె. మన పిల్ల పేరు ఆఖరికి" అన్నాడు. అదెందుకని అడిగాను. "మన పిల్లను ముందుగాల్ల అడిగితె ఇగ తక్కినోళ్ళు యాదికుండరు బిడ్డా. తన చెవుల పడ్డదే రాయాలె. ఎవల నోట విన్నరు, ఎన్ని గంటలకు విన్నరు, అది గూడ రాయాలె." ఇవి మా రాజేశం పెద్దబాపు మాటలని చెప్పి నేను హిందీలో రాసి పెట్టాను. ముందు నా ఆడియో తీసేసి, తప్పయిందని రాశాను. ఇద్దరు ముగ్గురు నువ్వెవరు మాకు చెప్పడానికి అన్నారు. మిగతావాళ్ళు ఒప్పుకున్నారు. గ్రూపులో గోల తగ్గింది. గంటకొకరు "ప్రయత్నించాను, కలవలేదు" అని రాసేవారు. అబద్ధం లేని ఆ ఒక్క ముక్క చదివితే అదో ధైర్యం. ఇంత మందిమి ఒకరికొకరం ఉన్నామన్న సంగతి నాకు తెలిసింది అప్పుడే.

మూడో రోజు మధ్యాహ్నం నా వంతు. పెద్దబాపు పక్కనే కూర్చుని తన బటన్ ఫోన్‌తో కూడా కొట్టి కొట్టి చూస్తున్నాడు. అవతల మోగుతోందో లేదో ఆయనకు వినబడదు. తెర మీద సెకన్లు కదిలితే కలిసినట్టు. కదలగానే ఫోన్ నా చేతిలో పెట్టాడు.

"హలో" అన్నాను. అవతల లావణ్య.

"అక్కా? నువ్వేనా? నేను ఆఫీసుకాడికి నీళ్ళకొచ్చిన, ఫోన్ మోగుతుంటె ఎత్తిన."

అంతే. చేతిలోని కాగితం ఏమైందో తెలియదు. తిన్నావా, పడుకున్నావా, బయటికి పోకు, కిటికీ దగ్గర నిలబడకు. పప్పు అన్నం పెడుతున్నారట. రాత్రి చప్పుళ్ళు వినబడితే అందరూ ఒకే గదిలో పడుకుంటున్నారట. ఏడుస్తూ ఏదో అంటుంటే లైను తెగింది. ప్రాణం లేచొచ్చింది నాకు. పెద్దబాపు వైపు తిరిగి నవ్వాను. ఆయన నా ముఖం చూడలేదు. నా కాళ్ళ దగ్గర పడిన కాగితాన్ని చూస్తున్నాడు.

"అందరు మంచిగున్నరని రాస్త" అన్నాను. "అందరు ఒక్క రూములనే పంటున్నరంట."

"అడిగినవా?"

"లే. గని అందరు ఒక్క హాస్టలే గద పెద్దబాపూ."

"అడగలే అని రాయి."

ఆ క్షణంలో ఆయన మీద నాకు అసహ్యం పుట్టింది. దాచుకోవడం ఎందుకు, నిజంగానే పుట్టింది. నాకున్నది ఒక్క చెల్లి. మూడు రోజులుగా చచ్చి బతికాను. తన పిల్లే అక్కడ ఉంటే ఈయనకు తెలిసేదని కూడా అనుకున్నాను. ఆయన అక్కడి నుంచి లేవలేదు. చివరికి రాశాను: "రెండు గంటల పది నిమిషాలకు ఫోన్ కలిసింది. మా చెల్లితో మాట్లాడాను. మిగతా పిల్లల గురించి నేను అడగలేదు. క్షమించండి." తర్వాత స్వప్న వాళ్ళమ్మ రాసింది: "ఫోన్ మోగుతోంది, ఎత్తడానికి మనిషి ఉంది. అది తెలిసింది, చాలు."

సాయంత్రం కాశ్మీరులో ఒక తండ్రికి ఫోన్ కలిసింది. ఆయన అందరి పేర్లూ చదివాడు, తన కూతురి పేరు ఆఖరున. అందరూ ఉన్నారు, ఒక్క స్వప్న లేదు. కర్ఫ్యూకు ముందు రోజు జ్వరంతో తన క్లాసు అమ్మాయి ఇంటికి వెళ్ళి అక్కడే చిక్కుకుపోయిందట. ఆ ఇంటివాళ్ళ నంబరు హాస్టల్లో ఒక పిల్ల దగ్గర దొరికింది. మర్నాడు కాలేజీవాళ్ళు ఆంబులెన్సు పంపి ఆసుపత్రిలో చేర్పించారు. డెంగీ. ఇంకో రోజు ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టర్లు అన్నారు. అందరూ క్షేమమని నేను రాసి ఉంటే ఆ సాయంత్రం ఎవరూ పేర్లు చదివేవారు కాదు. ఈ సంగతి పెద్దబాపుకు అరిచి చెబితే తల ఊపి, మర్నాటి నుంచి పనికి పోయాడు. మా ఇంట్లోకి మళ్ళీ రాలేదు.

లావణ్య వచ్చింది, కొన్నాళ్ళుండి చదువు పూర్తి చేయడానికి మళ్ళీ వెళ్ళింది. మొన్న చలికాలంలో ఒక పొద్దున గుమ్మం ముందు అరుపు వినబడలేదు. నాకు ఆఫీసుకు ఆలస్యమవుతోంది, వెళ్ళిపోయాను. పదకొండు గంటలకు ఆయన గది యజమాని ఫోన్ చేశాడు. నేను వెళ్ళేసరికి షెడ్డువాళ్ళు నలుగురు నిలబడి ఉన్నారు. ఆయన ఊళ్ళో ఎవరికి చెప్పాలని నన్ను అడిగారు. బటన్ ఫోన్‌లో నంబర్లు దాచుకునే అలవాటు ఆయనకు లేదు. ఊరి పేరు ఒక్కటే తెలుసు నాకు. పెళ్ళయిందో లేదో, తోడబుట్టినవాళ్ళున్నారో లేదో తెలియదు. ఎన్నో ఏళ్ళు రోజూ పొద్దున మమ్మల్ని అడిగిన మనిషిని నేను ఒక్కసారి కూడా తిరిగి అడగలేదు. చెయ్యి ఊపాను, అంతే.

గ్రూపులో రాశాను: "రాజేశం పెద్దబాపు ఈ రోజు పోయాడు. గది యజమాని చెప్పగా విన్నాను, వెళ్ళి చూశాను. ఆయనవాళ్ళెవరో నాకు తెలియదు. నేను అడగలేదు."

శంకరయ్య గారు ఆ ఊరు వెతుక్కుంటూ వెళ్ళి ఆయన తమ్ముణ్ణి పట్టుకున్నారు. అప్పటికే ఇక్కడ అంతా అయిపోయింది. ఆ తమ్ముడు నాకు ఫోన్ చేసి చాలాసేపు ఏడ్చాడు. ఏళ్ళ కిందట ఏదో మాటపట్టింపు వచ్చి అన్న ఊరికి రావడం మానేశాడట.

"అక్కడ మా అన్న ఎట్ల బతికిండమ్మా?" అని అడిగాడు. "జర చెప్పు."

నాకు తెలిసినదంతా చెప్పాను. ఎక్కువసేపు పట్టలేదు.