నల్ల రంగు కింద ఎర్ర నట్లు

ఇంకా కళ్ళే అంటున్నారు. అంతా చెప్పాక కూడా, వీడియో చూపించాక కూడా, పెద్దాయనకి చూపు ఆనట్లేదు, నువ్వేం చేస్తావమ్మా అని నన్నే ఓదారుస్తున్నారు. నాకు ఓదార్పు అక్కర్లేదు. మా మామయ్య లారీ చక్రం విప్పుతుంటే పంక్చర్ షాపు తాత చెయ్యి విరిగింది ఆయన చూపు వల్ల కాదు, నా వల్ల. దుర్గిలో ఎవరికి చెప్పినా చెవికెక్కట్లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

హైదరాబాద్‌లో రూమ్ ఖాళీ చేయాల్సొచ్చింది. ఆఫీసు పని ఎలాగూ ఇంటి నుంచే కదా అని కొన్నాళ్ళు మామయ్య వాళ్ళింటికి వచ్చేశా. దుర్గిలో శిల్పాలు చెక్కే షెడ్లకి రాయి తోలేది మామయ్యే. మామూలు లారీ దిగని చోటికి కూడా దిగుతుందని, మిలిటరీ వాళ్ళు వాడి వేలంలో అమ్మేసిన పాత బండి ఒకటి కొన్నాడు. దాని చక్రాలు మనం రోజూ చూసే లారీ చక్రాల్లాంటివి కావు. రెండు ఇనప పళ్ళేల్ని ఎదురెదురుగా పెట్టి బోల్టులతో బిగించినట్టు ఉంటాయి, మధ్యలో గాలి పోకుండా ఒక రబ్బరు రింగు. ఆ రింగు పాతబడితే గాలి సన్నగా కారిపోతుంది.

ప్రతి చక్రానికీ రెండు రకాల నట్లు. కొన్ని చక్రాన్ని బండికి పట్టి ఉంచేవి. మిగతావి ఆ రెండు పళ్ళేల్నీ కలిపి ఉంచేవి. రెండూ పక్కపక్కనే, సైజు కూడా ఇంచుమించు ఒకటే. టైరులో గాలి ఉండగా రెండో రకం విప్పితే పళ్ళేలు విడిపోయి లోపలి గాలి అంతా ఒక్కసారి తన్నుకొస్తుంది. తేడా తెలియడానికే మిలిటరీ వాళ్ళు వాటికి ఎర్ర రంగు వేశారు.

ఇదంతా నాకు తర్వాత తెలిసిందని చెప్పుకోవచ్చు. అబద్ధం. సగం ముందే తెలుసు. దసరాకి బండి కడుగుతుంటే మామయ్య చెప్పాడు, "ఎర్రవాటి జోలికి పోమాక" అని. నేను విప్పట్లేదుగా, రంగేగా వేస్తోంది అనుకున్నా. పూజకి లారీ మీద ఒక రీల్ తీయాలని నా ప్లాను. నల్లటి చక్రాలు, వాటి మీద పసుపు, కుంకుమ, బంతిపూల దండ. ఫ్రేములో ఆ ఎర్ర చుక్కలు మొటిమల్లా కనిపించి చిరాకేసింది. మాచర్ల నుంచి నల్ల పెయింటు డబ్బా తెప్పించి నాలుగు చక్రాలకీ నట్లతో సహా కొట్టేశా. పొద్దున్నే మామయ్య చూసి, బండి పెళ్ళికొడుకులా ఉందని మురిసిపోయాడు. ఎర్ర రంగు సంగతి ఆయనకీ తట్టలేదు. రీల్‌కి లైకులు కూడా బాగానే వచ్చాయి.

నెల తిరక్కుండానే ముందు చక్రం ఒకటి పొద్దుటికల్లా దిగిపోవడం మొదలైంది. మామయ్య క్వారీలో ఉన్నాడు. డ్రైవరన్న బండి తీస్తే నేను పక్కన కూర్చుని మాచర్ల రోడ్డులో తాత షాపుకి వెళ్ళాం. బండి నిలబెట్టి డ్రైవరన్న టీకి పోయాడు. పదకొండింటికి నాకు ఆఫీసు కాల్ ఉంది. అప్పటికే పది దాటింది.

తాత పనిలో తొందర అనేదే లేదు. టైరు నిండా గాలి కొట్టాడు. మగ్గుతో సబ్బునీళ్ళు తెచ్చి రెండు పళ్ళేలు కలిసే చోట కొంచెం కొంచెంగా పోస్తూ, చెవి దగ్గరగా పెట్టి వింటున్నాడు. ఒక చోట బుడగలు పొంగాయి. నేను ఫోన్లో తీస్తున్నా. అయిపోయిందిగా, కానివ్వండి అన్నాను. లోపలి వైపు కూడా చూడాలి, గాలి ఉండగానే చక్రం ఊడదీసి తిప్పి చూస్తే ఎక్కడెక్కడ పోతుందో తెలుస్తుంది, లేకపోతే రేపు మళ్ళీ వస్తారు అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. వీడియోల్లో ఐదు నిమిషాల్లో చేసేస్తున్నారు తాతా అన్నాను. ఆయన నవ్వి, ఆ వీడియో తీసినాయన్నే పిలిపించు, నేనూ నేర్చుకుంటా అన్నాడు.

జాకీ పెట్టి, పానాకి ఇనప పైపు తొడిగి కూర్చున్నాడు. ఎదురుగా కాదు, చక్రానికి పక్కగా. అది ఆయన అలవాటు. నట్ల మీద వేలితో తడుముతూ ఆగిపోయాడు.

"అమ్మాయ్, దీనికి ఎర్ర నట్లు ఉండాల గదా. లేవేంది?"

అప్పుడే, వీడియో నడుస్తుండగానే, ఆఫీసు గ్రూపులో మా టీం లీడ్ మెసేజ్ పెట్టాడు, కాల్ పది నిమిషాలు ముందుకి జరిగిందని. తల ఎత్తకుండా చెప్పా.

"లేవు తాతా. ఉన్నవి అవే. విప్పండి త్వరగా."

లేవా, అయితే వేరే రకమేమోలే అని గొణుక్కుంటూ పానా తగిలించాడు. మొదటి నట్టు వచ్చింది. రెండోది వచ్చింది. నాలుగో దానికి చక్రం టప్‌మని పేలినట్టు విడింది. దుమ్ము, సబ్బునీళ్ళు, పానా అన్నీ ఒకేసారి లేచాయి. పైపు తిరిగొచ్చి ఆయన కుడి మణికట్టు మీద కొట్టింది. ఎదురుగా కూర్చుని ఉంటే ఏమయ్యేదో ఆలోచించడానికి ఇప్పటికీ ధైర్యం చాలదు. ఆయన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని నా వైపు చూసి, నీకేం తగల్లేదు గదా అని అడిగాడు.

మాచర్ల ఆసుపత్రిలో ఎముక విరిగిందన్నారు. మామయ్య ఫోన్ చేసి ఎట్టా జరిగిందే అంటే తెలీదన్నాను. పక్కనున్న డ్రైవరన్న, ముసలాయనకి చూపు ఆనట్లా, ఏది విప్పాలో తెలియక విప్పాడు అన్నాడు. నేను తల ఊపా. కట్టు కట్టించుకుంటున్న తాతకి వినబడే, కనబడే దూరంలోనే ఊపా.

ఆ ఒక్క మాట సాయంత్రానికల్లా షెడ్లన్నీ తిరిగింది. మర్నాటి నుంచి రాయి తోలే లారీలు ఆయన షాపు ముందు ఆగడం మానేశాయి. చెయ్యి నయమైనా ఇంక పని రాదు, చూపులేనోడి చేత చక్రం ఎవరు విప్పిస్తారు అన్నారు. మామయ్య ఆ చక్రాన్ని దాచేపల్లి పంపి, సిమెంటు లారీలకి చేసే వాళ్ళ దగ్గర రింగు మార్పించాడు.

కొన్ని రోజులకి వెనక చక్రం కూడా కారడం మొదలైంది. ఈసారి మామయ్యకి చెప్పకుండా, డ్రైవరన్నని బతిమాలి తాత దగ్గరికే తీసుకెళ్ళా. కట్టు చెయ్యి మెడకి వేలాడేసుకుని స్టూలు మీద కూర్చున్నాడు. షాపు ముందు ఒక్క బండి లేదు. నువ్వే చెయ్యి, నేను చెప్తా అన్నాడు. ముందు గీకు అన్నాడు. ఒక హాక్సా బ్లేడు ముక్క ఇచ్చాడు. ఒక్కో నట్టూ గీకాను. నల్ల పొర లేచి కింద ఎరుపు బయటపడుతోంది. ఆయన చూస్తున్నాడు. నేను బ్లేడు కింద పెట్టా.

"తాతా, నేనే వేశా."

"తెలుసులే. నాలుగో నట్టుకి పానా ఎగిరినప్పుడే రంగు గీసుకుపోయి కనపడింది, ఎర్రగా."

"మరి ఎవరికీ చెప్పలేదేంది?"

"ఏమని చెప్పను? చిన్నపిల్ల లేవంటే నమ్మి విప్పానని చెప్పనా? నేను గీకి చూసుకోవాల్సింది."

ఆ తర్వాత వాల్వు పిన్ను తీయించాడు. గాలి మొత్తం పోయాక కూడా ఆ రంధ్రం మీద సబ్బునీళ్ళు పోయించి, ఒక్క బుడగ కూడా లేదని నా చేతే చెప్పించాడు. అప్పుడు విప్పనిచ్చాడు. రింగు గాడిలో తుప్పు గీకించి, కొత్త రింగుకి సబ్బు రాయించి, ఒక నట్టు ఇటు, దానికి ఎదుటిది అటు బిగించమన్నాడు. చేతులు బొబ్బలెక్కాయి. ఫోన్ సీట్లోనే ఉండిపోయింది. ఆ చక్రం ఈ రోజుకీ గాలి దిగలేదు.

ఇంటికొచ్చి మామయ్యకి వీడియో చూపించా. తాత అడగడం, నేను లేవనడం స్పష్టంగా వినిపిస్తోంది. మామయ్య రెండుసార్లు చూసి, అది తీసెయ్యి, ఎవరన్నా చూస్తే మనకే చుట్టుకుంటది అన్నాడు. నేను తీయలేదు. మర్నాడు శిల్పాల షెడ్డుకి వెళ్ళి సౌండు పెంచి అందరికీ వినిపించా. ఉలి పక్కన పెట్టి మరీ విన్నారు. విని, పాపం నువ్వు చానా మంచిదానివమ్మా, ఒప్పుకున్నావు, అయినా అంత సర్వీసున్నోడికి తెలియొద్దా అన్నారు. ఒక్కో మాటకీ నాకు లోపల ఎక్కడో హాయిగా అనిపించింది. అది ఇంకా సిగ్గుచేటు.

తాత షాపు ముందు ఇవాళ కూడా ఒక్క లారీ ఆగలేదు. వీడియో నా ఫోన్లోనే ఉంది. ఆయన వేలితో తడిమాడు, లేవేందని అడిగాడు, నేను తల కూడా ఎత్తకుండా లేవన్నాను. ఇదంతా విన్నాక కూడా తప్పు ఆయన కళ్ళదేనని ఆ షాపు ముందు నిలబడి, ఆయన మొహం చూసి, మీలో ఎవరన్నా చెప్పగలరా?