మెరుగు పెట్టని కాగితం కోసం కోయిలకొండ దాకా

మీరు అబద్ధాలు వేస్తున్నారు. నీటిరంగులతో బొమ్మలు వేసే మిమ్మల్నే అంటున్నాను, పక్కవాళ్ల వైపు చూడకండి. బల్ల మీద గుడ్డ పరిచి, దాని మీద పండ్లూ పాత్రలూ అమర్చి, కదలని వస్తువులను కుదురుగా వేసే విద్య నేర్చుకున్నారు. సంతోషం. కానీ మీ పటంలో ఉన్న ఆపిల్ పండును మీలో ఎంతమంది తిన్నారు? ఆ వెండి గిన్నె ఎవరింటిది? ఆ ద్రాక్షగుత్తి మీ బల్ల మీద ఎన్నడైనా ఉన్నదా, లేక ఇంగ్లీషు సీమ నుంచి వచ్చిన పుస్తకంలోంచి దించారా? ఇప్పుడు యుద్ధం వచ్చి సీమ కాగితం ఆగిపోయేసరికి కుంచెలు కడిగి పెట్టెలో పెట్టేశారు. కాగితం లేదండీ, ఏం చేస్తాం అని నిట్టూరుస్తున్నారు. కాగితం లేకపోవడమేమిటి? మీకు రెండు రోజుల దూరంలో తయారవుతోంది. మీరు అడగలేదు, అంతే.

నేను నల్లగొండలో పిల్లలకు బొమ్మలు నేర్పే మాష్టరును, వెట్టిచాకిరీ మీద పత్రికలకు వ్యాసాలూ రాస్తుంటాను. ఈ చలికాలం హైదరాబాదు వెళ్లినప్పుడు, నాలాగే బొమ్మలు నేర్పే ఒక మిత్రుడు ఒక దుకాణంలో దాచి అమ్ముతున్న రెండు సీమ కాగితాల కోసం బతిమాలుతుంటే చూశాను. చేతికాగితం వాడరాదా అన్నాను. అది పట్వారీల లెక్కలకు సరిపోతుంది గానీ చిత్రకళకు ఆగదన్నాడు. మా నాయిన కాలం నాటి పొలం కాగితం కోయిలకొండలో చేసినదే, ఇప్పటికీ ఒక్క మడత దగ్గర కూడా చిరగలేదని చెప్పాను. చిరగకపోవడం వేరు, రంగు పట్టడం వేరన్నాడు. ఇద్దరం చాయ్ చల్లారేదాకా పోట్లాడుకున్నాం. ఆ వాదనలో గెలవడానికే ఈ ప్రయాణం పెట్టుకున్నాను. కళ కోసం బయలుదేరానని చెప్పి మిమ్మల్ని మోసం చేయను. పాలమూరులో తెలిసినవాళ్ల ద్వారా కోయిలకొండలో కాగితం చేసే ఖాసిం సాబుకు ముందుగానే ఉత్తరం పంపాను: బొమ్మలు వేయడానికి ఒక దస్తా, అంటే ఇరవై నాలుగు కాగితాలు, చేసి ఉంచమని.

మీరు వెళ్లదలచుకుంటే మాఘమాసం మంచిది. ఎండ చురుక్కుమనదు, గోడకు అంటించిన కాగితం ఒక్క పూటలో ఆరుతుంది. నల్లగొండలో పొద్దున ఆరున్నరకు బస్సెక్కాను. చౌటుప్పల్ దగ్గర ఇంజను చల్లారేదాకా దిగి నిలబడ్డాం, పదకొండుకు పట్నం చేరాం. ఆ రాత్రి మా చెల్లెలింట్లో ఉండి, మరునాడు పొద్దున్నే కాచిగూడలో రైలెక్కాను. మూడో తరగతి టికెట్టు మన నిజాం నాణెం హాలీ సిక్కాలో రూపాయి లోపే. జడ్చర్లలో పత్తి బోరాలు ఎక్కించడానికి చాలాసేపు ఆగింది గనుక పాలమూరులో దిగేసరికి పదకొండు దాటింది. అక్కడి నుంచి కోయిలకొండ పదమూడు పద్నాలుగు మైళ్లు. ఎడ్లబండి తప్ప దారి లేదు. రానూపోనూ రెండు రూపాయలకు నర్సింలు అనే బండివాడు ఒప్పుకున్నాడు.

ఊరు దాటి రాళ్లగుట్టల మధ్యకు వచ్చాక అడిగాడు. "ఏం కొనవోతున్నరు సారూ? సీతాఫలాల దినాలు గూడ గాదాయె."

"కాయిదం."

"గింత దూరమొచ్చి కాయిదమా? కోర్టు కేసా?"

"కాదు. బొమ్మ గీసెతందుకు."

ఎడ్లను ఒకసారి అదిలించాడు. "ఏం బొమ్మ?"

"రొట్టె, ఉల్లిగడ్డ, ముంత. ఇంట్ల ఉండేటివే."

"రొట్టె ఉన్నోడు తింటడు గని బొమ్మ గీస్తడా?"

దీనికి రెండు మైళ్ల పొడుగునా జవాబు చెప్పాను. దొరల పటాలు గోడలకు ఎందుకుంటాయో, కూలివాని రొట్టె ఎందుకు ఉండదో, ఉంటే ఏమవుతుందో అంతా చెప్పాను. ముందుకు వంగి చూస్తే అతడు నిద్రపోతున్నాడు. ఎడ్లు దారి తెలిసినవి, నడుస్తున్నాయి. పొద్దుగూకే వేళకు ఊరు చేరాం. చావడిలో పడక దొరికింది, దానికి పైసా తీసుకోలేదు.

తెల్లవారి ఖాసిం సాబు ఇంటికి వెళ్లాను. అరవై దాటిన మనిషి, సున్నపు నీళ్లలో చేతులు పెట్టీ పెట్టీ మోచేతుల దాకా చర్మం పాలిపోయింది. వాకిట్లో నేలలోకి కట్టిన నీళ్లతొట్టి. ఒక మూల పాత గోనెసంచులు, తెగిన తాళ్లు సున్నంలో నానుతున్నాయి. వాటిని పక్క కొట్టంలో, కాలితో తొక్కే పెద్ద రోకలితో మెత్తగా దంచే పని ఎల్లమ్మ అనే ఆమెది. ముప్పై అయిదేళ్లుంటాయి, కొంగు నడుముకు బిగించి, పై దూలానికి కట్టిన తాడు పట్టుకుని, ఒంటికాలి మీద ఊగుతూ తొక్కుతుంది. ఆ గుజ్జును తొట్టిలో కలిపి, సన్నని పుల్లల జల్లెడతో ఖాసిం సాబు ఒక్కొక్క పొర పైకి తీస్తాడు. గోడకు అంటించి ఆరబెడతాడు, ఆరాక గంజి పూస్తాడు, మళ్లీ ఆరాక నున్నని రాయితో రుద్ది మెరుగు పెడతాడు.

నా దస్తాను తెల్లగుడ్డలో చుట్టి ఉంచాడు. విప్పి పైకాగితం ఎండకు పట్టాడు. అద్దంలాగా మెరిసింది.

"నాలుగు దినాలు రాయి వట్టిన సారూ. సర్కారు కచేరీకి గూడ ఒక్కటే మెరుగు వెడత. మీకు రెండు వెట్టిన."

నేను దాని మూలను నాలుకతో తాకాను. నాలుక అంటుకుంటే కాగితం నీళ్లు తాగుతుంది, జారితే తాగదు. ఏ దుకాణంలోనైనా మీరూ చేయవచ్చు, కొట్టువాడు తిట్టకపోతే.

"కాయిదం నాకుతున్నరేంది సారూ?" అన్నాడు ఖాసిం సాబు.

"ఉప్పు తక్కువైనట్టున్నది," అంది రోకలి మీది నుంచి ఎల్లమ్మ.

నాలుక జారింది. అయినా రంగు కలిపి ఒక పూత వేశాను. నీళ్లు చుక్కలు చుక్కలుగా ముడుచుకున్నాయి. ఆరాక రెండో పూత వేస్తే మొదటిది లేచి కుంచెకు అంటుకుని వచ్చేసింది. కలంతో పత్రం రాసేవానికి ఇంతకంటే మంచి కాగితం ఉండదు. నీటిరంగుకు ఇంతకంటే చెడ్డది ఉండదు. ఏ రకం కావాలో ఉత్తరంలో రాయని తప్పు నాది. కానీ నోట్లోంచి వచ్చిన మాట వేరు. "ఇది పనికిరాదు" అన్నాను.

రోకలి ఆగింది. ఖాసిం సాబు కాగితాన్ని చేతిలోకి తీసుకుని, తడిసిన చోటును తన చొక్కా అంచుతో అద్దాడు.

"కచేరీలోల్లు మిల్లు కాయిదం తీసుకుంటున్నరు సారూ. గీ ఎండకాలం తొట్టి పూడ్చేద్దమనుకున్న. మీ ఉత్తరమొచ్చినంక, బొమ్మలోల్లకు నచ్చితె ఇంకొన్నొద్దులు నడుస్తదేమో అని చూసిన. గంతే."

"తొట్టి పూడిస్తె సాబుకేమున్నది, పట్నంల బిడ్డ దగ్గరికి వోతడు," అంది ఎల్లమ్మ, నాతో కాదు, తాడుతో చెప్పినట్టు. "నేనేడికి వోవాలె? మల్ల పటేలింట్ల వెట్టికే గద."

అప్పుడు ఖాసిం సాబు చెప్పాడు. మూడేళ్ల కిందటి దాకా ఆమె పటేలు ఇంట్లో కూలి లేకుండా దంచింది, ఊడ్చింది, పిలిచినప్పుడల్లా పోయింది. ఇక్కడ పనికి కుదిరాక పటేలు మనిషి వచ్చిన ప్రతిసారీ, ఆమె తన పనిమనిషి, పంపనని ఇతను అడ్డం నిలబడ్డాడు. తొట్టి ఉన్నంతకాలమే ఆ మాటకు బలం. నేను పనికిరాదన్నది ఒక్క కాగితాన్ని కాదని నాకు అప్పుడు అర్థమైంది.

గోడ మీద ఆరిన వట్టి కాగితం ఒకటి అడిగాను. గంజి పూయనిది. రంగు పెట్టగానే ఇసుకలో పోసినట్టు ఇంకిపోయి, అవతలి వైపు తేలింది. ఇక మిగిలింది నడిమిది: ఒక్క పూత గంజి పూసి, ఇంకా రాయి పట్టనిది. నిన్న పూసినది ఒకటి దండెం మీద ఉంది.

"గది మాత్రం ఇయ్య," అన్నాడు ఖాసిం సాబు. "గది సగం కాయిదం. గట్ల ఇస్తె ఖాసింకు చేతగాలేదంటరు. మా నాయిన మెరుగు లేని కాయిదాన్ని గడప దాటనియ్యలే."

"గడప దాటించను. ఇక్కడే కూసొని గీస్త."

అంత దూరం వచ్చినందుకు జాలిపడ్డాడో, మాటలతో అలసిపోయాడో, ఇచ్చాడు. ఎదురుగా పెట్టుకోవడానికి వస్తువు కావాలి. ఎల్లమ్మ అప్పుడే తన గుడ్డమూట విప్పింది. ఒక జొన్నరొట్టె, పగలగొట్టిన ఉల్లిగడ్డ, మట్టిచిప్పలో ఉప్పూకారం. తలుపు సందులోంచి వెలుగు వాటి మీద పక్కగా పడుతోంది. "జర గట్లనే ఉంచు," అని కూర్చున్నాను.

ఆ కాగితం నన్ను నేనే మరిచిపోయేలా చేసింది. తడి నిలిచింది, కానీ గుంటలు కట్టలేదు. ఉల్లిగడ్డ మెరుపు కోసం కాగితం తెలుపునే వదిలేస్తే అది చాలింది. రొట్టెకు పలచని పసుపు, దాని మీద గోధుమరంగు వేసి ఆగాను. కాగితంలో కలిసిపోకుండా మిగిలిన గోనె పీచు అక్కడక్కడా గోధుమచుక్కల్లా ఉంది. రొట్టె మీద మాడిన మచ్చలు నేను వేయవలసిన పని లేకపోయింది. చిప్ప నీడను నీలంలో ముంచుతున్నాను.

"అయిందా దొరా? తినొచ్చునా?"

తల ఎత్తాను. ఎల్లమ్మ రోకలి పక్కన నిలబడే ఉంది. పొద్దు నడినెత్తికి వచ్చింది. తెల్లవారుజాము నుంచి ఏమీ తినని మనిషి, గంటకు పైగా తన రొట్టె వైపు చూస్తూ నిలబడింది. వెట్టికి వ్యతిరేకంగా ఇన్ని వ్యాసాలు రాసినవాణ్ణి, ఉంచమని ఒక్క మాట అని, ఆమె చేత కూలి లేకుండా ఆకలితో కావలి కాయించాను. అడగాలని కూడా తట్టలేదు.

"దొర అనకమ్మా," అన్నాను.

"అననుగని రొట్టె ఇయ్యి."

ఇచ్చాను. ఎనిమిదణాల బిళ్ల కూడా చాపాను. ఆమె తీసుకోలేదు. "గిది నాకెందుకు? తొక్కే పని గావాలె," అని ఉల్లిగడ్డ కొరికింది.

ఖాసిం సాబు బొమ్మను ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూశాడు. గోటితో చుక్కల మీద గీకాడు. "గీ మచ్చలు మీరు వెట్టినయా?"

"కాదు సాబ్, మీవే. గోనె పీచు."

బొమ్మను వెలుగు వైపు తిప్పాడు. "నలభై ఏండ్ల సంది వీటిని దాచెతందుకే రాయి వడుతున్న," అన్నాడు చివరికి. తర్వాత బేరం మనిషిగా మారాడు. ఎన్ని దస్తాలు తీసుకుంటారు మీ బొమ్మల సార్లు అని అడిగాడు. ఇరవై అన్నాను. నీటిరంగులు వేసే ఇరవై మంది నాకు తెలియరు. ఆ ఇరవైకి సరిపడా సంచులు నానబెడతానన్నాడు. వానలు పడితే కాగితం ఆరదు. ఆలోగా ఆ దస్తాలు అమ్ముడుపోతే వానల తరువాత మళ్లీ నానబెడతాడు, ఎల్లమ్మ తొక్కుతుంది. అమ్ముడుపోకపోతే తొట్టి పూడ్చి పట్నం పోతాడు. అది ఆమె ఎదుటే చెప్పాడు. ఆమె చేయి కడుక్కుని రోకలి ఎక్కింది.

వాదనలో నేను గెలిచాను. ఖాసిం సాబు గడప దాటనిచ్చిన ఆ బొమ్మను మిత్రునికి చూపించాను, అతనూ ఒప్పుకున్నాడు. కానీ ఆ గెలుపు నాకు రుచించలేదు. కాగితం ఎంచుకోవడమంటే ఏది నీళ్లను ఎంత పీలుస్తుందో చూసుకోవడమేనని ఇన్నేళ్లు పిల్లలకు చెప్పాను. అది నిజమే, కానీ సగమే. ఏ కాగితం కొంటామో ఆ కాగితం వెనక ఉన్న మనిషి రేపు ఎక్కడ పనిచేయాలో కూడా మనమే తేల్చుతున్నాం, తెలిసినా తెలియకపోయినా. ఎదురుగా కదలకుండా ఉన్న వస్తువును గంటలసేపు చూసే ఓపిక మనకుంది. దాని పక్కన నిలబడ్డ మనిషిని చూసే ఓపికే లేదు. నాకు లేదని నాకు తెలిసింది. మీ సంగతి మీరు చూసుకోండి.

పనికి వచ్చే మాట ఒకటి: ఆ కాగితాన్ని వేసేముందు రెండు వైపులా తడిపి, పలక మీద పరిచి, అంచుల చుట్టూ మైదా జిగురుతో అంటించి ఆరనివ్వండి. లేకపోతే రెండో పూతకే అలలు తేలుతుంది.

ఇక నేను మిమ్మల్ని అడుగుతున్నవి ఇవి:

వానలు పడకముందే కోయిలకొండ ఖాసిం సాబుకు ఉత్తరం రాయండి. మనిషికి ఒక దస్తా చాలు.

"ఒక్క పూత గంజి, మెరుగు వద్దు, మేమే అడిగాం" అని స్పష్టంగా రాయండి, ఆయన పేరుకు మాట రాకుండా.

సీమ కాగితం మళ్లీ వచ్చాక కూడా దీన్ని మానకండి.

మీరు తినే తిండిని వేయండి. ఎదుటివాళ్ల తిండిని వేయాలనుకుంటే వాళ్లు తిన్న తరువాత మిగిలింది వేయండి.

మీ బొమ్మ కోసం ఎవరిని నిలబెట్టినా ఆ పూట కూలి ముందే మాట్లాడుకోండి.

వెట్టికి పిలిచే పటేళ్లలో మీ బంధువులున్నారు. పిలవవద్దని వాళ్ల ఇంటికి వెళ్లి చెప్పండి.